పాత లైంగిక వేధింపుల కేసులో శిక్ష పడింది: తీర్పులో కారణాలు సరిపోయాయో లేదో చూసుకుని అప్పీలు ఎలా సిద్ధం చేయాలి?

"జడ్జి గారు ఎందుకు నమ్మారో రాయలేదు. ఆ ఒక్క పాయింటు మీద శిక్ష కొట్టేస్తారా?" చిన్నప్పుడు జరిగిందంటూ ఏళ్ల తర్వాత పెట్టిన కేసులో శిక్ష పడ్డవాళ్ల ఇంటివాళ్లు, క్రిమినల్ సైడు కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్లు తిరిగి తిరిగి అడిగేది ఇదే.

జవాబు ముందే చెప్పేద్దాం. ఆ ఒక్క పాయింటు మీదే అయితే దాదాపుగా కొట్టేయరు. అప్పీలులో హైకోర్టు సాక్ష్యం మొత్తాన్ని మళ్లీ తూచగలదు. కింది కోర్టు రాయని కారణాన్ని తనే రాసి శిక్షను ఖాయం చేయనూగలదు. అందుకని మీరు చూపించాల్సినవి రెండు. కేసు ఏ ప్రశ్న మీద నిలబడిందో ఆ ప్రశ్నకు తీర్పులో జవాబు లేదని ఒకటి. రికార్డు తెరిచి చూస్తే ఆ జవాబు మీ వైపు వస్తుందని, లేదా కనీసం సందేహం మిగులుతుందని రెండోది. చాలా అప్పీళ్లు మొదటి సగం గట్టిగా చెప్పి, రెండో సగం మర్చిపోతాయి.

ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సెషన్స్ కోర్టు లేదా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) స్పెషల్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు వెళ్లే అప్పీలు గురించి. దీన్ని చదివి లాయరును పెట్టుకోవడం మానేయకండి. లాయరు దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకుండా ఉండటానికి వాడుకోండి.

సెక్షన్ నంబర్ల గురించి ఒక మాట. 2024 జులై 1 నుంచి క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. పాత కేసుల్లో కాగితాలన్నీ సీఆర్‌పీసీ నంబర్లతో ఉంటాయి. కింద పాత నంబరు ముందు, కొత్తది తర్వాత ఇచ్చాం. పిటిషన్ తలకట్టులో రెండూ రాయడం మంచిది.

కావాల్సినవి

- తీర్పు సర్టిఫైడ్ కాపీ. జైలు శిక్ష పడినవారికి తీర్పు చెప్పిన వెంటనే ఒక కాపీ ఉచితంగా ఇవ్వాలి (363 / 404). ఈ-కోర్ట్స్ సైటులో దొరికిన ప్రింటు చదువుకోవడానికి పనికొస్తుంది గానీ ఫైలింగుకు పనికిరాదు.
- సాక్షుల డిపోజిషన్లు (కోర్టులో చెప్పింది రాసిన కాగితాలు) అన్నీ, చీఫ్ (పిలిచిన వైపు లాయరు అడిగినవి), క్రాస్ (ఎదుటి వైపు లాయరు అడిగినవి) రెండూ.
- ఎఫ్ఐఆర్, ఫిర్యాదు కాగితం, పోలీసులు రాసుకున్న 161 స్టేట్‌మెంట్లు, మెజిస్ట్రేటు నమోదు చేసిన 164 స్టేట్‌మెంటు.
- ఛార్జీలు చదివి వినిపించిన కాగితం. పోలీసులు కోర్టుకు ఇచ్చే ఛార్జిషీటు వేరు, ఇది వేరు. దీన్ని అడిగి తెచ్చుకోని వాళ్లే ఎక్కువ.
- 313 (351) కింద నిందితుణ్ని అడిగిన ప్రశ్నలు, అతను చెప్పిన జవాబులు.
- కోర్టు నంబరు వేసి సాక్ష్యంగా మార్క్ చేసిన ఎగ్జిబిట్లు (కాగితాలు, వస్తువులు), డిఫెన్సు సాక్షులు, కోర్టుకు ఇచ్చిన లిఖితపూర్వక వాదనలు.
- ఒక పెద్ద కాగితం, నాలుగు రంగుల పెన్నులు.

1. ముందు గడువు లెక్కపెట్టండి

హైకోర్టుకు అప్పీలు వేయడానికి 60 రోజులు. మెజిస్ట్రేటు కోర్టు శిక్ష మీద సెషన్స్ కోర్టుకైతే 30 రోజులే. తీర్పు చెప్పిన రోజును లెక్కలోకి తీసుకోరు. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులను కూడా మినహాయిస్తారు.

ఉదాహరణకు తీర్పు 2025 మార్చి 10న వచ్చిందనుకోండి. మార్చి 11 ఒకటో రోజు, మే 9 అరవయ్యో రోజు. కాపీకి మార్చి 12న దరఖాస్తు పెడితే 25న సిద్ధమైంది. రెండు తేదీలూ కలిపి 14 రోజులు. అంటే చివరి తేదీ మే 23. కాపీ వెనకాల కాపీయింగ్ సెక్షన్ వేసిన ముద్రలో దరఖాస్తు తేదీ, సిద్ధమైన తేదీ ఉంటాయి. లెక్క ఆ ముద్ర చూసి వేయాలి, మీ గుర్తును బట్టి కాదు. కాపీ సిద్ధమయ్యాక మీరు ఆలస్యంగా తీసుకుంటే ఆ రోజులు మీ ఖాతాలోవే.

గడువు దాటిపోతే ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ వేయాలి. జైల్లో ఉన్న మనిషి విషయంలో కోర్టులు దీన్ని కొంత ఉదారంగానే చూస్తాయి. అలాగని దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

డబ్బు లేకపోతే: కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జైలు సూపరింటెండెంట్ ద్వారా జైలు నుంచే అప్పీలు పంపవచ్చు (383 / 424). నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) హెల్ప్‌లైన్ 15100.

2. తేదీల పట్టిక వేయండి

ఎక్కువ మంది తీర్పులోని మాటల దగ్గర మొదలుపెడతారు. పాత కేసుల్లో తేదీల దగ్గర మొదలుపెట్టాలి. "2010 నుంచి 2014 వరకు" అని ఛార్జీ ఉంటే ఆ మధ్యలో చట్టం రెండుసార్లు మారింది. నేరం జరిగిన నాటి చట్టంలో లేని నేరానికి గానీ, అప్పుడు లేనంత ఎక్కువ శిక్ష గానీ వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణ చెబుతుంది. పక్కన పెట్టుకోవాల్సిన తేదీలివి:

- 2012 నవంబర్ 14కు ముందు: పోక్సో లేదు. అత్యాచారం నిర్వచనం ఇరుకైనది. 16 ఏళ్లలోపు అమ్మాయి విషయంలోనే సమ్మతికి విలువ లేదు. ఐపీసీ (అప్పటి నేరాల చట్టం) 354కు, అంటే స్త్రీ గౌరవానికి భంగం కలిగించేలా దౌర్జన్యం చేయడానికి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 రాష్ట్ర సవరణ ప్రకారం 5 నుంచి 7 ఏళ్లు (మిగతా చోట్ల గరిష్ఠంగా 2 ఏళ్లు). మగపిల్లల విషయంలో దిక్కు అసహజ లైంగిక చర్యల 377 సెక్షనే.
- 2012 నవంబర్ 14: పోక్సో అమల్లోకి వచ్చింది.
- 2013 ఫిబ్రవరి 3: అత్యాచారాన్ని నిర్వచించే ఐపీసీ 375 విస్తరించింది, సమ్మతి వయసు 18 అయింది, 354కు శిక్ష 1 నుంచి 5 ఏళ్లు అయింది. ఒకే మహిళపై పదేపదే అత్యాచారం చేయడాన్ని విడిగా చెప్పిన 376(2)(ఎన్) ఈ సవరణతోనే వచ్చింది.
- 2019 ఆగస్టు 16: పోక్సో సెక్షన్ 6 (తీవ్రమైన, శరీరంలోకి ప్రవేశించే లైంగిక దాడి) కనీస శిక్ష 10 నుంచి 20 ఏళ్లయింది.
- 2024 జులై 1: ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్.

ఇప్పుడు తీర్పు చివరి పేజీ తీయండి. ఏ సెక్షన్ కింద ఎంత శిక్ష వేశారు? ఆ సెక్షన్ వర్తించే తేదీన ఏదైనా ఒక ఘటన జరిగిందని తీర్పు విడిగా తేల్చిందా? 2011 ఘటనకు పోక్సో సెక్షన్ 29లోని ప్రిజంప్షన్ (నిందితుడే నేరం చేశాడని ముందే అనుకునే నియమం) వాడారా? వాడితే అది తిన్నగా చట్టపరమైన తప్పు. సాక్ష్యం తూచే పని లేకుండానే నిలబడే గ్రౌండ్ (అప్పీలుకు ఆధారమైన కారణం) అది.

ఇంకో రెండు విషయాలు ఇక్కడే చూసేయాలి. ఏడాదికి మించి 3 ఏళ్ల వరకు మాత్రమే శిక్ష ఉన్న నేరానికి కేసు విచారణకు స్వీకరించే గడువు 3 ఏళ్లు (468 / 514). 2009 నాటి ఘటనకు అలాంటి చిన్న సెక్షన్ మాత్రమే పెట్టి 2018లో కేసు నడిపితే, ఆలస్యాన్ని మన్నిస్తూ కోర్టు ఆర్డరు (473 / 519) ఉందో లేదో వెతకండి. అయితే దాంతోపాటు పెద్ద నేరం కలిపి విచారిస్తే గడువు ఆ పెద్ద నేరాన్ని బట్టే ఉంటుంది, అప్పుడు ఈ వాదన పనిచేయదు.

రెండోది నిందితుడి వయసు. కుటుంబంలో జరిగిన పాత కేసుల్లో అన్న వరసో బావ వరసో అయినవాడికి అప్పటికి పదిహేను, పదహారేళ్లే ఉండొచ్చు. ఇప్పుడు నలభై ఏళ్ల మనిషి బోనులో నిలబడితే ఎవరికీ ఆ ఆలోచన రాదు. నేరం నాటికి 18 నిండలేదన్న వాదన ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా లేవనెత్తవచ్చని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 9(2) చెబుతుంది. పదో తరగతి మెమో తీసి నేరం తేదీతో పోల్చండి. రెండు నిమిషాల పని.

3. తీర్పును రంగులతో చదవండి

తీర్పులో నిర్ణయించాల్సిన అంశాలు, వాటి మీద నిర్ణయం, ఆ నిర్ణయానికి కారణాలు ఉండాలని సీఆర్‌పీసీ 354 (393) సెక్షన్ అడుగుతుంది. మూడూ ఉన్నాయా అన్నది కంటితో చూస్తే తెలియదు. రంగులు వేస్తే తెలుస్తుంది.

నీలం: సాక్షి ఏం చెప్పాడో తిరగరాసిన వాక్యాలు. పచ్చ: లాయర్ల వాదనలు, పాత తీర్పుల కొటేషన్లు. నలుపు: నిర్ణయం చెప్పిన వాక్యాలు. ఎరుపు: "ఎందుకంటే" అని చదువుకోగలిగిన వాక్యాలు మాత్రమే.

నలభై పేజీల తీర్పులో ముప్పై పేజీలు నీలం, ఏడు పచ్చ రావడం మామూలే. అది చూసి సంబరపడకండి. ఎరుపు ఎంత ఉందన్నది ముఖ్యం కాదు, ఎక్కడ లేదన్నది ముఖ్యం. మూడు లైన్ల ఎరుపు సరైన చోట ఉంటే ఆ తీర్పు నిలబడుతుంది.

ఒక నమూనా పేరా చూడండి (పీడబ్ల్యూ-1 అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, ఇక్కడ బాధితురాలు): "పీడబ్ల్యూ-1 సాక్ష్యం సహజంగా, నమ్మదగినదిగా ఉంది. క్రాస్‌లో ఆమె సాక్ష్యాన్ని దెబ్బతీసేదేదీ రాబట్టలేకపోయారు. కాబట్టి ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేసింది." ఈ మూడు వాక్యాలూ నలుపే. ఒక్కటీ ఎరుపు కాదు. "క్రాస్‌లో ఏమీ రాబట్టలేకపోయారు" అన్నది కారణంలా వినిపిస్తుంది గానీ అదొక నిర్ధారణ. నిజమో కాదో క్రాస్ తీసి చూడాలి. నిజంగానే ఏమీ రాకపోయి ఉంటే ఆ వాక్యం సరిపోతుంది, మీకు అక్కడ గ్రౌండ్ లేదు. వచ్చి ఉంటే అదే మీ మొదటి గ్రౌండ్.

4. కేసు వేలాడుతున్న ప్రశ్నలు రాయండి

మూడు నుంచి ఆరు. అంతకు మించితే ఏదో ఒకటి ముఖ్యం కానిది కలిసిందని అర్థం. పాత కేసుల్లో సాధారణంగా వచ్చేవి:

ఆలస్యం. ఫిర్యాదు ఏళ్ల తర్వాత వచ్చిందన్నంత మాత్రాన కేసు అబద్ధం అయిపోదు. పరువు, భయం, కుటుంబం ఒత్తిడి వల్ల ఆలస్యం జరుగుతుందని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులోనే చెప్పింది, ఆ తర్వాత చాలాసార్లు చెప్పింది. చూడాల్సింది ఆలస్యానికి ఇచ్చిన వివరణ ఏమిటి, అది అన్ని కాగితాల్లో ఒకటేనా, ఫిర్యాదుకు ముందు ఆస్తి తగాదా, విడాకులు లాంటివి ఉన్నాయని సాక్ష్యం వచ్చిందా, వస్తే దాన్ని జడ్జి తూచారా అన్నవి.

ఏ చర్య? సాక్షి తెలుగులో చెబుతుంది, డిపోజిషన్ ఇంగ్లీషులో టైపవుతుంది. నష్టమంతా అక్కడే జరుగుతుంది. ఆమె "పాడు చేశాడు" అంటే కాగితం మీద "మిస్‌బిహేవ్డ్" అని పడొచ్చు, "తప్పుగా పట్టుకున్నాడు" అంటే అత్యాచారం అని పడొచ్చు. రెండు వైపులా ప్రమాదమే. పోక్సోలో తాకడం దగ్గర ఆగితే సెక్షన్ 8 కింద 3 నుంచి 5 ఏళ్లు. సెక్షన్ 6కు వెళితే, 2019 తర్వాతి ఘటనైతే, కనీసం 20 ఏళ్లు. ఏ చర్య రుజువైందో తీర్పు స్పష్టంగా చెప్పిందా? 164 స్టేట్‌మెంటు తెలుగులో ఉంటే డిపోజిషన్ పక్కన పెట్టి మాట మాటా పోల్చండి.

బాధితురాలి వయసు ఘటన నాటికి ఎంత? స్కూలు రికార్డు, మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, అవి లేకపోతేనే వైద్య పరీక్ష. ఈ వరసను తీర్పు పాటించిందా? పదేళ్ల తర్వాత తీసిన ఎముకల పరీక్ష ఘటన నాటి వయసు చెప్పడానికి పెద్దగా పనికిరాదు.

ఎన్ని ఘటనలు, ఏవి రుజువయ్యాయి? నాలుగు ఛార్జీలు ఉంటే నాలుగింటికీ విడివిడి నిర్ణయం ఉండాలి. "ఛార్జీలన్నీ రుజువయ్యాయి" అని ఒక్క లైనులో తేల్చేస్తే ఒక్కో దానికి సాక్ష్యం ఏదని అడగవచ్చు.

డిఫెన్సు సాక్షి, 313లో చెప్పిన వివరణ: తీర్పులో వాటి ప్రస్తావన ఉందా, పక్కన పెట్టడానికి కారణం ఉందా? ప్రాసిక్యూషన్ వాడుకున్న ముఖ్యమైన పరిస్థితిని 313లో అసలు అడగకపోతే అది వేరే గ్రౌండ్. అయితే దానివల్ల నిందితుడికి ఏం నష్టం జరిగిందో కూడా చెప్పాలి.

5. నాలుగు గళ్ల పట్టిక

పెద్ద కాగితం మీద అడ్డంగా నాలుగు గళ్లు: ప్రశ్న, శిక్షకు అనుకూలంగా ఉన్న సాక్ష్యం, వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం, తీర్పు ఏం చెప్పింది. ప్రతి గడిలో పేజీ నంబరు, పేరా నంబరు తప్పనిసరి. నంబరు లేని వాక్యాన్ని కొట్టేయండి.

రెండో గడిని నిజాయితీగా నింపడం అందరికీ కష్టం. మీకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం మీరు రాసుకోకపోతే హైకోర్టులో పీపీ (ప్రభుత్వ లాయరు) చదివి వినిపిస్తారు. అప్పుడు బెంచి ముందు తెల్లబోవాలి.

మూడో గడిలో ఒక ఉచ్చు ఉంది. 161 స్టేట్‌మెంటుకూ కోర్టు సాక్ష్యానికీ తేడా ఉంటే, ఆ తేడాను సాక్షికి చూపించి అడిగి, దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేసి ఉండాలి. ఎవిడెన్స్ చట్టం 145, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 148. అలా చేయకపోతే ఆ తేడా రికార్డులో లేనట్టే. "జడ్జి ఈ తేడాను పట్టించుకోలేదు" అని అప్పీలులో రాస్తే, ట్రయల్లో మీ లాయరే పట్టించుకోలేదని తేలుతుంది. కాబట్టి ప్రతి తేడా పక్కన అది మార్క్ అయిందో లేదో రాయండి.

మరొక తనిఖీ: డిపోజిషన్ల చివర సంతకం చేసిన జడ్జి, తీర్పు రాసిన జడ్జి ఒకరేనా? పాత కేసులు ఏళ్ల తరబడి సాగుతాయి, బదిలీలు అవుతాయి. "సాక్షి చెప్పిన తీరు చూస్తే నమ్మకం కలిగింది" అని రాసిన జడ్జి ఆ సాక్షిని అసలు చూడలేదని తేలితే ఆ కారణం పోతుంది.

తేడాల్లో ఏవి పనికొస్తాయి? పెద్దయ్యాక చిన్ననాటి సంగతి చెబుతున్న మనిషికి తేదీ, వారం, వేసుకున్న బట్టల రంగు గుర్తుండకపోవడం సహజమేనని కోర్టులు ఒప్పుకుంటాయి. వాటిని పట్టుకు వేలాడితే మీ మంచి పాయింట్లు కూడా పలచనవుతాయి. ఘటన జరిగిందన్న ఇంట్లో ఆ ఏడాది నిందితుడు అసలు ఉండేవాడా, ఎవరికి మొదట చెప్పింది, ఆ మనిషిని సాక్షిగా ఎందుకు పిలవలేదు, చర్య స్వభావం ఒక కాగితానికీ మరో కాగితానికీ మారిందా: బరువున్నవి ఇవి.

6. గ్రౌండ్ రాయడం

పనికిరాని గ్రౌండ్: "కింది కోర్టు సాక్ష్యాన్ని సరిగా పరిశీలించకుండా, కారణాలు చెప్పకుండా, యాంత్రికంగా శిక్ష విధించింది." ఏ అప్పీలులోకైనా ఎత్తి పెట్టుకోవచ్చు. అందుకే ఎవరూ చదవరు.

పనికొచ్చే గ్రౌండ్ (నమూనా): "ఆలస్యానికి తండ్రి భయమే కారణమని పీడబ్ల్యూ-1 చీఫ్‌లో చెప్పారు (డిపోజిషన్ పేజీ 3). ఫిర్యాదులో మాత్రం నిందితుడి బెదిరింపు అని ఉంది (ఎగ్జిబిట్ పీ-1, పేరా 4). తండ్రి 2013లోనే చనిపోయారని పీడబ్ల్యూ-2 క్రాస్‌లో ఒప్పుకున్నారు (పేజీ 6), ఫిర్యాదు 2019లో ఇచ్చారు. ఈ ఆరేళ్ల గురించి తీర్పు 22వ పేరా ఏమీ చెప్పలేదు. ఇతర సాక్ష్యం ఏదీ లేని ఈ కేసులో ఈ ప్రశ్నకు జవాబు లేకుండా పీడబ్ల్యూ-1 ఒక్కరి సాక్ష్యంపై శిక్ష నిలబడదు."

అందులో ఐదు ముక్కలున్నాయి: ప్రశ్న, రికార్డులో ఉన్నది, తీర్పు వదిలేసిన పేరా, అది ఎందుకు ముఖ్యం, దాని ఫలితం. ఐదోది రాయకపోతే హైకోర్టు "అయితే ఏంటి?" అంటుంది. తీర్పులో లోపం వల్ల న్యాయం దెబ్బతింటేనే శిక్ష తిరగబడుతుందని 465 (511) సెక్షన్ ఎలాగూ చెబుతోంది.

బాధితురాలు ఒక్కరి మాట మీదే శిక్ష వేయొచ్చా అన్నది ఇంకా కొందరు గ్రౌండ్‌గా రాస్తున్నారు. వేయొచ్చు. ఆ సాక్ష్యం మచ్చలేనిదిగా ఉండాలి, దాన్నే 2012 నాటి రాయ్ సందీప్ తీర్పు నుంచి "స్టెర్లింగ్ విట్‌నెస్" అంటున్నారు. మీ వాదన "ఒక్కరే సాక్షి" అని కాకుండా, ఆ సాక్ష్యంలో ఫలానా చోట మచ్చ ఉంది, తీర్పు దాన్ని చూడలేదు అని ఉండాలి.

ఇంటర్నెట్లో దొరికే విదేశీ తీర్పుల జోలికి వెళ్లేముందు కొంచెం ఆగండి. కారణాలు చాలకపోవడమే అప్పీలు గ్రౌండ్ కావచ్చని కెనడా సుప్రీంకోర్టు 2002లో షెపర్డ్ కేసులో చెప్పింది. బాగా రాసిన తీర్పే. కానీ అక్కడి అప్పీలు కోర్టు మన హైకోర్టులా సాక్ష్యమంతా మళ్లీ తూచదు. అందుకే అక్కడ కారణాలకు అంత బరువు. ఆ కొటేషన్ ఇక్కడ అతికిస్తే "సాక్ష్యం మేమే చూస్తాం, చూపించండి" అంటారు.

7. ఏం అడగాలో ముందే తేల్చుకోండి

386 (427) కింద హైకోర్టు నిర్దోషిగా వదిలేయవచ్చు, మళ్లీ విచారణ జరపమనవచ్చు, నేరాన్ని చిన్న సెక్షన్‌కు మార్చవచ్చు, శిక్ష తగ్గించవచ్చు. మీ అప్పీలులో మాత్రం శిక్ష పెంచడానికి వీల్లేదు. అయితే పెంచమని ప్రభుత్వం విడిగా అప్పీలు వేయవచ్చు, అది వచ్చిందేమో కనుక్కుంటూ ఉండండి.

కారణాలు లేవన్న వాదన ఒక్కటే గెలిస్తే కేసు వెనక్కి వెళ్లే అవకాశం ఎక్కువ. అంటే మళ్లీ కింది కోర్టు, మళ్లీ వాయిదాలు. చాలామంది ఇది ఆలోచించకుండా రీట్రయల్ అడిగి, వచ్చాక తల పట్టుకుంటారు. మొదట నిర్దోషిగా ప్రకటించమని, అది కాకపోతే నేరాన్ని ఫలానా సెక్షన్‌కు మార్చమని, అదీ కాకపోతే శిక్ష తగ్గించమని, ఈ వరసలో అడగండి. విచారణ ఖైదీగా గడిపిన రోజులను శిక్షలోంచి తీసేశారో లేదో (428 / 468) కూడా చూడండి. ఆ లెక్క తరచూ తప్పుతుంది.

8. ఫైలింగు, శిక్ష నిలుపుదల

అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదల, బెయిలు పిటిషన్ (389 / 430) వేయండి. పదేళ్లకు తక్కువ కాని శిక్ష ఉన్న నేరాల్లో విడుదలకు ముందు పీపీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి కాబట్టి మొదటి రోజే ఆర్డరు రాదు. ఈ పిటిషన్లో అన్ని గ్రౌండ్లూ వద్దు. పైకి చదివితేనే కనిపించే ఒకటో రెండో చాలు: తేదీ తప్పు, వర్తించని సెక్షన్, వయసు. సాక్ష్యం లోతుగా తూచాల్సిన పాయింటు ఈ దశలో వినరు.

జరిమానా కట్టారా, కట్టకపోతే దాని మీద కూడా నిలుపుదల అడిగారా చూసుకోండి. బెయిలు వచ్చినా ఇది మర్చిపోవడం వల్ల విడుదల ఆగిపోతుంది.

చేయకూడనివి

బాధితురాలి పేరు, ఊరు, స్కూలు, ఫొటో ఏ కాగితంలోనూ రాయొద్దు. కుటుంబ కేసుల్లో బంధుత్వం రాసినా గుర్తుపట్టేస్తారు. "పీడబ్ల్యూ-1" అని రాయండి. తీర్పు కాపీని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం కూడా నేరమే కావచ్చు. ఐపీసీ 228ఏ, ఇప్పుడు బీఎన్‌ఎస్ 72, పోక్సో 23 ఉన్నాయి.

రాజీ కోసం బాధితురాలి ఇంటికి పెద్దమనుషుల్ని పంపొద్దు. ఇవి రాజీపడే నేరాలు కావు. పైగా ఆ రాయబారమే బెయిలు రద్దుకు కారణమవుతుంది.

గ్రౌండ్లలో ఆమె నడవడిక గురించి రాయొద్దు. "వెంటనే చెప్పలేదు, మామూలుగా స్కూలుకు వెళ్లింది, కాబట్టి జరగలేదు" అన్నది వాదన కాదు. ఆ వాక్యం ఒక్కటి ఉంటే మిగతా పేజీలన్నీ బెంచికి వేరే రంగులో కనబడతాయి.

పాత లాయరు తప్పులన్నీ ఏకరువు పెట్టడం ఇంకో పొరపాటు. ఆయన వల్ల ఫలానా సాక్ష్యం రాలేదంటే, ఆ సాక్ష్యం ఏమిటో చెప్పి 391 (432) కింద అదనపు సాక్ష్యం తీసుకోమని అడగండి. ట్రయల్ నాడే ఎందుకు పెట్టలేకపోయారో కూడా అందులో ఉండాలి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

గ్రౌండ్ల డ్రాఫ్టు తీసుకోండి. తీర్పు చదవని ఒక మనిషికి ఇచ్చి, ఒక్కో గ్రౌండ్ చదివాక "ఇందులో జడ్జి ఏ ప్రశ్నకు జవాబు చెప్పలేదు?" అని అడగండి. చెప్పలేకపోతే ఆ గ్రౌండ్ తిరగరాయాలి. తర్వాత ప్రతి పేజీ నంబరునూ సర్టిఫైడ్ కాపీతో సరిచూడండి. టైపింగు కాపీకీ సర్టిఫైడ్ కాపీకీ పేజీలు మారిపోతాయి, వాదన రోజున "పేజీ 6" అని చెప్పి అది అక్కడ లేకపోతే ఊపు పోతుంది. చివరగా పట్టికలోని రెండో గడి తీసి, అందులో ఉన్న ప్రతి అంశానికీ మీ దగ్గర ఒక్క వాక్యంలో జవాబు ఉందా చూడండి. ఏదైనా ఒకదానికి లేకపోతే దాన్ని దాచకండి, లాయరుకు ముందే చెప్పండి.

హైకోర్టు కూడా సాక్ష్యం తూచకుండా నాలుగు లైన్లలో అప్పీలు కొట్టేస్తే, సుప్రీంకోర్టులో చెప్పుకోవడానికి 2013 నాటి మజ్జల్ తీర్పు ఉంది. శిక్ష మీద వచ్చిన అప్పీలులో హైకోర్టు సాక్ష్యాన్ని తానే పరిశీలించి కారణాలు రాయాలని అందులో చెప్పి కేసును వెనక్కి పంపారు. దాన్ని వాడుకోవాలంటే హైకోర్టులో మీరు ఏ గ్రౌండ్లు వాదించారో రికార్డులో ఉండాలి. వాదన రోజునే రాతపూర్వక వాదనలు రెండు కాపీలు ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.